పైకప్పు కింది గది: మార్చలేనివి మనవి, మార్చగలిగేవి పిల్లలవి

అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబానికి కొన్నేళ్ళు గడిచేసరికి గదులు చాలవు. రెండో బిడ్డ పుడుతుంది. ఊరి నుంచి అమ్మానాన్నలో అత్తమామలో ఆరు నెలలు ఉండడానికి వస్తారు. భార్యాభర్తల్లో ఒకరు ఇంటి నుంచే ఉద్యోగం చేయాల్సివస్తుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళు మెట్లెక్కనివ్వవు కాబట్టి కింది గది వాళ్ళకి ఇవ్వక తప్పదు. అప్పుడు ఏటవాలు కప్పు కింద అట్టపెట్టెలూ ఖాళీ సూట్‌కేసులూ పెట్టుకున్న అటిక్ గుర్తొస్తుంది. దాన్ని బాగుచేసి పెద్దబిడ్డకి గదిగా ఇద్దామని అనుకుంటారు. హైదరాబాదులో, విజయవాడలో ఇదే అవసరం డాబా మీద వేసిన ఒంటి గదిని పిల్లల గదిగా మారుస్తుంది. కప్పు ఆకారం వేరైనా రెండు గదుల స్వభావం ఒకటే: ఇంట్లో ఎండకీ వానకీ అన్నిటికంటే దగ్గరగా, మిగతా కుటుంబానికి అన్నిటికంటే దూరంగా ఉండే గది అది.

అలాంటి గదిని సిద్ధం చేసేటప్పుడు చాలా ఇళ్ళలో శ్రద్ధ అంతా కంటికి కనిపించేవాటి మీదే పడుతుంది. గోడలకి ఏ రంగు, కర్టెన్ల మీద ఏ బొమ్మ, మంచం రాకెట్ ఆకారంలో ఉండాలా కోట ఆకారంలో ఉండాలా అని తల్లిదండ్రులు వారాల తరబడి చర్చిస్తారు. నేల ఎంత బరువు మోస్తుంది, నిప్పంటుకుంటే బిడ్డ ఎటు నుంచి బయటికి వస్తుంది, జూలై నెలలో రాత్రి పదింటికి ఆ గదిలో ఎంత వేడి ఉంటుంది అన్న ప్రశ్నలు మాత్రం పనివాళ్ళకి వదిలేస్తారు. ఈ వరసని తిరగెయ్యాలన్నదే ఈ అధ్యాయం వాదన. గదికి సంబంధించిన నిర్ణయాలన్నిటినీ రెండు కుప్పలు చెయ్యండి. ఒకసారి చేస్తే మార్చడం కష్టమైనవీ, తప్పితే బిడ్డ ఒంటికి హాని చేసేవీ ఒక కుప్ప. అవి పూర్తిగా పెద్దలవి, బిడ్డ ఎంత మారాం చేసినా వాటిలో బేరం ఉండకూడదు. నచ్చకపోతే ఒక ఆదివారం మధ్యాహ్నంలో మార్చేయగలిగినవి రెండో కుప్ప. అవి పూర్తిగా బిడ్డవి, మన అభిరుచి ఎంత గొప్పదైనా వాటిలో జోక్యం ఉండకూడదు. ఈ విభజన గదికి మేలు చేస్తుంది. అంతకంటే ఎక్కువగా ఆ గదిలో పెరిగే మనిషికి మేలు చేస్తుంది.

నేల, దారి, కిటికీ

పెద్దల కుప్పలో మొదటిది నేల. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాలు స్థానిక మార్పులతో పాటించే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం, కాస్త సామాను పెట్టుకునే అటిక్ నేల చదరపు అడుగుకి 20 పౌండ్ల బరువు మోస్తే చాలు. సామాను పెట్టడానికి కూడా ఉద్దేశించనిదైతే 10 పౌండ్లే. పడకగది నేల మాత్రం 30 పౌండ్లు మొయ్యాలి. అంటే మీరు నడిచి చూసినప్పుడు గట్టిగానే అనిపించిన నేల, మంచానికీ పుస్తకాల అరకీ మంచం మీంచి గెంతే ఇద్దరు పిల్లలకీ సరిపోతుందని చెప్పలేం. కప్పు ఎత్తుకీ లెక్క ఉంది. పడకగదికి కనీసం 70 చదరపు అడుగుల జాగా కావాలి. అందులో సగానికైనా 7 అడుగుల ఎత్తు ఉండాలి. 5 అడుగుల కంటే తక్కువ ఎత్తున్న అంచుల్ని ఆ లెక్కలోకి తీసుకోరు. పైకి వెళ్ళడానికి లాగి దించుకునే నిచ్చెన ఉంటే దాన్ని మెట్లుగా భావించకండి. రాత్రి నిద్రమత్తులో బాత్రూమ్‌కి దిగే బిడ్డకి స్థిరమైన మెట్లు, చెయ్యానించుకోవడానికి కమ్మీ, వెలుగూ ఉండాలి. స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి, ఊరి అధికారుల పర్మిట్ వచ్చాకే మిగతా పని మొదలవ్వాలి. ఇల్లు 1978కి ముందు కట్టినదైతే పాత పెయింటులో సీసం ఉండొచ్చు, కాబట్టి గోడలు గీకే ముందు పరీక్ష చేయించాలి. ఆ ఏడాదే అక్కడ ఇళ్ళకి వాడే పెయింటులో సీసాన్ని నిషేధించారు.

రెండోది దారి. పొగ పైకి పోతుంది. కింద వంటింట్లో మంట లేస్తే మెట్లదారి పొగగొట్టంలా మారి, ఇంటి పైగదిని ముందు నింపుతుంది. పైగదికి ఉన్న దారి కూడా ఆ మెట్లే. అందుకే ఆ కోడ్ ప్రతి పడకగదికీ బయటపడడానికి వీలైన కిటికీ ఉండాలంటుంది: తెరిచినప్పుడు 5.7 చదరపు అడుగుల ఖాళీ, కనీసం 20 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల ఎత్తు, కిటికీ అడుగు అంచు నేల నుంచి 44 అంగుళాలు మించకుండా. ఇంగ్లండ్‌లో రెండంతస్తుల ఇంటి లాఫ్ట్‌ని, అంటే అటిక్‌ని, గదిగా మారిస్తే అది మూడో అంతస్తవుతుంది. కాబట్టి వీధి గుమ్మం దాకా మెట్లదారిని మంట తట్టుకునే తలుపులతో కాపాడాలనీ, ఒకదానితో ఒకటి కలిపిన స్మోక్ అలారాలు ఉండాలనీ అక్కడి నిబంధనలు చెబుతాయి. అలారం పెట్టాం కదా అని ఊరుకోకూడదు. పిల్లలు గాఢనిద్రలో ఉంటే అలారం మోతకి చాలాసార్లు లేవరని పరిశోధనలు చూపించాయి. అలారాలన్నీ కలిసి మోగాలి, మీ పడకగదిలో కూడా మోగాలి. మోగితే పైకి ఎవరు వెళ్ళాలో ముందే అనుకుని ఉండాలి. బయటపడే కిటికీ నుంచి దిగడానికి వాడే నిచ్చెన మంచం పక్కనే ఉండాలి, దాన్ని పిల్లల చేత కనీసం ఏడాదికి రెండుసార్లు తీయించి చూపించాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. బయటపడడానికి వీలుగా ఉండే కిటికీ, పడిపోవడానికి కూడా వీలుగానే ఉంటుంది. అటిక్‌లో కిటికీలు కిందికి ఉండడం మామూలే కాబట్టి ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. నేల నుంచి 24 అంగుళాల కంటే కిందికి ఉండి, బయటి నేలకి 6 అడుగుల కంటే ఎత్తులో తెరుచుకునే కిటికీ 4 అంగుళాలకి మించి తెరుచుకోకుండా చూడాలని అమెరికా కోడ్ చెబుతుంది. రెండు నియమాలూ ఒకదానికొకటి అడ్డు కాకుండా ఉండాలంటే మామూలుగా 4 అంగుళాల దగ్గర ఆగి, అవసరమైనప్పుడు తాళం చెవీ పనిముట్టూ లేకుండా చేత్తోనే విడిపోయే అడ్డు బిగించాలి. డాబా మీది గదికి భద్రత కోసం ఇనప గ్రిల్ పెట్టేవాళ్ళు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి. లోపలి నుంచి తెరుచుకోని గ్రిల్ దొంగని ఎంత ఆపుతుందో, మంటల్లో చిక్కుకున్న బిడ్డని కూడా అంతే ఆపుతుంది. గ్రిల్‌లో ఒక పలకని లోపలి నుంచి తీసేటట్టు కమ్మరి చేత చేయించడం పెద్ద ఖర్చు కాదు. దోమతెరని నమ్ముకోకండి, అది దోమని ఆపుతుంది కానీ బిడ్డ బరువుని ఆపలేదు. కిటికీ కింద మంచం, కుర్చీ, బొమ్మల పెట్టె ఏదీ ఉంచకండి. ఎక్కడానికి ఆసరా దొరికితే పిల్లలు ఎక్కుతారు.

వేడి, నిద్ర

మూడోది వేడి. మండే ఎండలో మామూలు కప్పు ఉపరితలం 65 డిగ్రీల సెల్సియస్ దాటగలదని, ఎండని తిప్పికొట్టే కప్పు అదే సమయంలో దానికంటే 28 డిగ్రీలు తక్కువగా ఉండగలదని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. ఆ కప్పుకీ బిడ్డ దిండుకీ మధ్య ఇన్సులేషన్ ఒక్కటే ఉంటుంది. మన కాంక్రీట్ స్లాబ్‌తో ఇంకో ఇబ్బంది. అది పగలంతా వేడిని పీల్చుకుని, పొద్దుగూకాక గదిలోకి వదులుతుంది. బిడ్డ పడుకునే వేళకే గది ఉడుకుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రత్యేకంగా కూల్ రూఫ్ విధానం తెచ్చిందంటే ఈ వేడి ఒక్క ఇంటి బాధ కాదని అర్థం. కప్పు మీద తెల్లటి పూత, సీలింగ్‌కి ఇన్సులేషన్, రెండు ఎదురెదురు కిటికీల గాలి, ఇవన్నీ అయ్యాక కూడా చాలకపోతే ఏసీ అన్నది సరైన వరస. ఏసీతో మొదలుపెడితే కరెంటు బిల్లూ ఆగదు, కరెంటు పోయిన రాత్రి నిద్రా ఉండదు. కప్పులో ఉన్న కిటికీలకి లోపల కర్టెన్ కంటే బయట తెర ఎక్కువ పనిచేస్తుంది. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక దాన్ని ఆపినా వేడి గదిలోనే ఉండిపోతుంది.

వేడి గురించి ఇంతగా చెప్పడానికి కారణం, పడకగదికి మొదటి పని నిద్ర కావడమే. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళకి 8 నుంచి 10 గంటలు నిద్ర ఉండాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. ఒంటి లోపలి వేడి కాస్త తగ్గితేనే నిద్ర పడుతుంది. ఉక్కపోసే గదిలో ఆ తగ్గుదల ఆలస్యమవుతుంది. అందుకని ఒక్క కుర్చీ కూడా కొనకముందే ఆ గదిలో ఒక థర్మామీటరు పెట్టి, ఎండాకాలంలో మధ్యాహ్నం మూడింటికీ రాత్రి పదింటికీ, చలికాలంలో తెల్లవారుజామునా చూడండి. ఒకటి రెండు రాత్రులు మీరే అక్కడ పడుకోండి. వాన కప్పు మీద ఎంత మోగుతుందో, తెల్లవారి ఎండ ఏ కిటికీలోంచి మొహం మీద పడుతుందో, కింది గదిలో పిలిస్తే వినపడుతుందో లేదో మీకే తెలుస్తుంది. ఆ గది మీకు నిద్ర పట్టనివ్వకపోతే బిడ్డకీ పట్టనివ్వదు. అలాంటప్పుడు ఎంత అందమైన దుప్పటి కప్పినా లాభం లేదు.

గోడకి బిగించేవి, చేత్తో ఎత్తగలిగేవి

సామాను దగ్గరికి వచ్చేసరికి రెండు కుప్పల మధ్య హద్దు మసకబారుతుంది. దానికొక సులువైన కొలత ఉంది: గోడకి బిగించవలసినది మనది, బిడ్డ ఒంటరిగా ఎత్తి జరపగలిగినది బిడ్డది. బరువైన బీరువా, సొరుగుల బల్ల, ఎత్తైన పుస్తకాల అర మొదటి రకం. సొరుగులు తెరిచి మెట్లలా ఎక్కబోయిన చిన్నపిల్లల మీద ఇలాంటివి పడి ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాతే అమెరికాలో 2022 చివర్లో ఒక చట్టం వచ్చింది. 2023 సెప్టెంబరు 1 నుంచి తయారై అక్కడ అమ్ముడయ్యే బట్టల సొరుగులు బిడ్డ బరువుకి ఒరగకుండా నిలిచే పరీక్ష తట్టుకోవాలి. పాతవి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నవి ఈ పరీక్ష దాటి వచ్చినవి కాకపోవచ్చు. అటిక్‌లో ఈ ప్రమాదానికి ఇంకో కారణం కలుస్తుంది. గోడ లోపలికి వాలి ఉంటుంది కాబట్టి ఎత్తైన బీరువా గోడకి ఆనదు. ముందుకి జరిపి పెడితే వెనక ఆసరా ఉండదు, బిగించడానికి చోటూ దొరకదు. అందువల్ల ఎత్తైన సామాను ఈ గదిలోకి తేవద్దు. ఏటవాలు కప్పు అంచున నిలిచే పొట్టి గోడ పొడవునా పొట్టి అరలు, పొట్టి సొరుగులు పెట్టి, వాటిని గోడ వెనకున్న చెక్క స్తంభాలకి స్క్రూలతో బిగించండి. పొట్టివి కూడా ఒరగగలవు కాబట్టి బిగించడం మానొద్దు.

పెద్దవాళ్ళు తల వంచుకుని వెళ్ళాల్సిన ఆ అంచుల్ని వృథా జాగా అనుకోవడం ఈ గది విషయంలో జరిగే పెద్ద పొరపాటు. ఇంట్లో మిగతా గదులన్నీ పెద్దవాళ్ళ ఎత్తుకి కట్టినవి. అలమర పై అర బిడ్డకి అందదు, చొక్కాలు తగిలించే కమ్మీ అందదు, స్విచ్చి అందదు. అంచుల్లో 4 అడుగుల ఎత్తుండే ఈ గది మాత్రం ఏడేళ్ళ బిడ్డ కొలతకి తగినట్టు ఉంటుంది. అక్కడ బిడ్డ చేతికందేటట్టు బట్టలు, పుస్తకాలు, ఆటవస్తువులు పెడితే, తీసిన వస్తువుని తిరిగి పెట్టడం నేర్పడానికి ప్రత్యేకంగా పాఠాలు చెప్పక్కర్లేదు. మధ్యలో ఎత్తున్న భాగాన్ని నిలబడడానికి, ఆడుకోవడానికి ఖాళీగా వదలండి. మంచం ఏటవాలు కింద పెట్టొచ్చు కానీ, దిండు వైపు ఒక పెద్దమనిషి పరుపు మీద నిటారుగా కూర్చుంటే తల కప్పుకి తగలకూడదు. బిడ్డ పెరుగుతుంది. కథ చెప్పడానికి మీరూ అక్కడే కూర్చుంటారు. ఒకదాని మీద ఒకటి ఉండే మంచాలు ఈ గదిలో వద్దు. ఆరేళ్ళ లోపు పిల్లల్ని పై మంచంలో పడుకోబెట్టకూడదని అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ ఎలాగూ చెబుతుంది. ఏటవాలు కప్పు కింద పెద్దపిల్లలకి కూడా తల తగులుతుంది, ఫ్యాను దగ్గరవుతుంది. కిటికీ తెరలకి వేలాడే తాళ్ళు ఉండకూడదు.

పిల్లల కుప్ప

ఇంతదాకా చెప్పిన వాటిలో బిడ్డ మాట అడగలేదు. ఇక మీదట మన మాట అక్కర్లేదు. గోడ రంగు, దుప్పటి, గోడకి అంటించే బొమ్మలు, చాప ఎక్కడ వెయ్యాలి, చిన్న బల్ల కిటికీ వైపు తిప్పాలా గోడ వైపు తిప్పాలా, అరలో ఏ బొమ్మ ముందుండాలి, ఇవన్నీ బిడ్డ నిర్ణయాలు. విద్యావేత్త మరియా మాంటిసోరి 1907 జనవరి 6న రోమ్‌లోని సాన్ లొరెంజో పేటలో తొలి బాలల గృహాన్ని తెరిచాక, నేలకి బిగించిన బడి బల్లల బదులు పిల్లలు స్వయంగా జరపగలిగే తేలిక కుర్చీలు, బల్లలు చేయించింది. దురుసుగా కదిలితే తేలిక కుర్చీ పడుతుంది, చప్పుడవుతుంది. ఆ చప్పుడే బిడ్డకి తన కదలికని సరిదిద్దుకోవడం నేర్పుతుందని ఆవిడ వాదన. ఆవిడ 1939లో మద్రాసు అడయారుకి వచ్చి శిక్షణ ఇచ్చింది. ఆ తరగతిగది సూత్రమే పడకగదికీ వర్తిస్తుంది: ప్రాణం మీదికి తెచ్చే బరువులు గోడకి బిగిసి ఉండాలి, తప్పు చేసి నేర్చుకోగలిగిన బరువులు బిడ్డ చేతిలో ఉండాలి.

దుకాణాల్లో దొరికే థీమ్ సెట్‌లు ఈ సూత్రానికి విరుద్ధం. ఒకే సినిమా పాత్ర బొమ్మ దుప్పటి మీద, కర్టెన్ మీద, దీపం మీద, గోడ మీద ఉన్న గదిలో బిడ్డ నిర్ణయించడానికి ఏమీ మిగలదు. కన్ను ఆగడానికి చోటు కూడా ఉండదు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, గోడలన్నీ అలంకరించిన తరగతిగదిలో కిండర్‌గార్టెన్ పిల్లల ధ్యాస ఎక్కువగా చెదిరింది, వాళ్ళు తక్కువ నేర్చుకున్నారు. టొలీడో విశ్వవిద్యాలయం వాళ్ళ 2018 అధ్యయనంలో, 16 బొమ్మలు ఇచ్చినప్పటి కంటే 4 బొమ్మలే ఇచ్చినప్పుడు చిన్నపిల్లలు ఒక్కో బొమ్మతో ఎక్కువసేపు, ఎక్కువ రకాలుగా ఆడుకున్నారు. ఒకటి తరగతిగదిలో చేసినది, రెండోది మరీ చిన్నపిల్లల మీద చేసినది. పడకగదికి వాటిని అక్షరాలా అంటించలేం. అయినా రెండూ ఒక వైపే చూపిస్తున్నాయి: గదిని నింపడం బిడ్డ మీద ప్రేమకి కొలత కాదు. కాబట్టి మీరు సగం ఖాళీగా ఉన్న గదిని అప్పగించండి. గోడకీ కప్పుకీ ఒకే లేత రంగు వేసి ఇస్తే ఏటవాలు గీత కలిసిపోయి చిన్న గది విశాలంగా కనిపిస్తుంది. దాని మీద ఏ గోడనైనా బిడ్డ తనకిష్టమైన రంగుకి మార్చుకోవచ్చు. ఒక బోర్డు, గుండుసూదులు, తీస్తే గోడ చెడని అంటింపు కాగితాలు చాలు. మిగతాది నెలలు గడిచేకొద్దీ బిడ్డే నింపుకుంటుంది.

అభ్యంతరాలు, జవాబులు

మొదటి అభ్యంతరం మన కుటుంబాల నుంచే వస్తుంది. మన పిల్లలకి అమ్మ ఎంచినదే ఇష్టం, వాళ్ళ చేత ఎంపికలు చేయించడం పడమటి దేశాల అలవాటు అంటారు. దీనికి ఆధారం కూడా ఉంది. పరిశోధకులు షీనా అయ్యంగార్, మార్క్ లెపర్ 1999లో ప్రచురించిన ప్రయోగాల్లో, తామే ఎంచుకున్న పదాల ఆటని తెల్లజాతి అమెరికన్ పిల్లలు బాగా ఆడారు. ఆసియా మూలాలున్న పిల్లలు మాత్రం అమ్మ ఎంచిందని చెప్పిన ఆటనే ఇంకా బాగా ఆడారు. ఈ ఫలితాన్ని కొట్టిపారేయకూడదు. మన పిల్లలకి మనం ఎంచి ఇవ్వడం బరువు కాదు, అందులో వాళ్ళకి ఆప్యాయత కనిపిస్తుంది. కానీ ఆ ప్రయోగం ఒక ఆట ఆడిన కొద్ది నిమిషాల గురించినది. ఏళ్ళ తరబడి ఉండే గదిలో అన్నీ అమ్మే ఎంచితే బిడ్డకి ఎంచడం ఎలా వస్తుందన్న ప్రశ్నకి అది జవాబు చెప్పదు. ఈ విభజనలో అమ్మానాన్నల ఎంపిక తగ్గడం లేదు కూడా. గదికి ప్రాణం లాంటివన్నీ వాళ్ళే ఎంచారు. కావాలంటే రంగుల దుకాణానికి కలిసి వెళ్ళండి, అమ్మకి ఏది నచ్చిందని బిడ్డ అడిగితే చెప్పండి. అడిగిన తర్వాత చెప్పడమూ, అడగకముందే నిర్ణయించడమూ ఒకటి కాదు.

రెండోది, పిల్లల ఇష్టాలు ఆరు నెలలకోసారి మారిపోతాయి, డబ్బు దండగ అన్నది. మారతాయి కాబట్టే మార్చడానికి వీలైనవీ చవకైనవీ వాళ్ళ చేతికి ఇస్తున్నాం. ఒక డబ్బా పెయింటుతో ముదురు ఊదారంగు వేసుకుని, చలికాలం వచ్చేసరికి ఆ గోడ చీకటిగా ఉందని బిడ్డే గ్రహిస్తే, అది ఆ డబ్బా ఖరీదుకి దొరికిన మంచి పాఠం. ఐదేళ్ళ బిడ్డకి నచ్చిందని మనం కొన్న కారు ఆకారపు మంచం తొమ్మిదో ఏట సిగ్గు తెప్పిస్తే అసలు దండగ అది. దానికి పెట్టే డబ్బు ఇన్సులేషన్‌కి, అలారాలకి, మంచి పరుపుకి పెట్టండి. ఖర్చు ఎక్కువై ఏదో ఒకటి వాయిదా వెయ్యక తప్పకపోతే ఎప్పుడూ రెండో కుప్పలోదే వాయిదా వెయ్యండి. కర్టెన్ లేని గదిలో బిడ్డ కొన్నాళ్ళు ఉండగలదు, బయటపడే కిటికీ లేని గదిలో ఒక్క రాత్రి కూడా ఉండకూడదు.

మూడోది అన్నిటికంటే బరువైన అభ్యంతరం. చిన్నపిల్లని ఒంటరిగా పైకి పంపడమేమిటి, మన ఇళ్ళలో పిల్లలు తల్లి పక్కనే పడుకుంటారు కదా అంటారు. నిజమే, ఇందులో తొందర అక్కర్లేదు. రాత్రి తనంతట తాను లేచి, దీపం వేసుకుని, మెట్లు దిగి మీ గదికి రాగలిగేదాకా ఏ బిడ్డనీ పైగదిలో ఒంటరిగా పడుకోబెట్టవద్దు. అప్పటిదాకా అది పగటి గదిగా ఉండొచ్చు: బొమ్మలు, పుస్తకాలు, మధ్యాహ్నం ఆటలు పైన, రాత్రి నిద్ర కింద. పైకి మారడం కూడా బిడ్డ అడిగినప్పుడే జరిగితే మంచిది. మొదట్లో తల్లో తండ్రో పక్కన పరుపు వేసుకుని పడుకోవచ్చు. అమ్మమ్మా తాతయ్యలు వచ్చారని రాత్రికి రాత్రే పైకి తోస్తే ఆ గది బిడ్డకి బహుమతిగా తోచదు, తనని పక్కకి నెట్టినట్టు తోస్తుంది. వాళ్ళు రావడానికి రెండు మూడు నెలల ముందే ఆ మార్పు మొదలుపెట్టాలి.

ఇదే అభ్యంతరం పెద్దపిల్లల విషయంలో ఇంకో రూపంలో వస్తుంది. తలుపేసుకుని ఫోన్‌తో పైనే ఉండిపోతారని భయం. ఆ భయానికి కారణం ఉంది. దానికి జవాబు మొదటి కుప్పలో ఉంది. రాత్రిపూట ఫోన్లు, ట్యాబ్‌లు, టీవీ పడకగదిలో ఉండకూడదని పిల్లల వైద్యులు చెబుతారు. ఛార్జర్లన్నీ కింద వంటింట్లో ఉండాలన్నది ఇంటి మొత్తానికి నియమం కావాలి. అది పెద్దవాళ్ళకి కూడా వర్తిస్తేనే పిల్లల చేత పాటింపజేయగలం. చదువుకునే బల్లని పైన పెట్టక తప్పదనుకోకండి, చిన్న తరగతుల్లో హోంవర్క్ భోజనాల బల్ల మీద నలుగురి మధ్యా జరగడమే మేలు. అలా నియమాలు పెట్టాక మాత్రం ఆ గదిలో బిడ్డ ఒంటరిగా గడిపే సమయాన్ని అనుమానంగా చూడవద్దు. తలుపు తట్టి లోపలికి వెళ్ళండి. సర్దమని చెప్పొచ్చు కానీ, బిడ్డ లేనప్పుడు మన పద్ధతిలో సర్దెయ్యకూడదు. తన గోడ మీద బొమ్మని తీసే హక్కు తనకే ఉందని నమ్మిన బిడ్డ, మిగతా విషయాల్లో మన మాటని సులువుగా వింటుంది, ఎందుకంటే మన మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తనకి తెలుసు.

ఈ పద్ధతి వల్ల జరిగే అసలు మేలు ఇదే. పెద్దయ్యాక మనిషిని ఇబ్బంది పెట్టేది ఎంపికలు లేకపోవడం ఒక్కటే కాదు. ఏ నిర్ణయం తేలిగ్గా తీసుకోవచ్చో, దేనికి నలుగురిని అడిగి నింపాదిగా ఆలోచించాలో తెలియకపోవడం కూడా. చొక్కా రంగు కోసం గంటలు గింజుకుని, అప్పు కాగితం మీద చదవకుండా సంతకం పెట్టేవాళ్ళున్నారు. ఏడేళ్ళ వయసు నుంచి తన గదిలోనే ఈ తేడా చూస్తూ పెరిగిన బిడ్డ, కిటికీ అడ్డు గురించి బేరం ఎందుకు లేదో, దుప్పటి గురించి ఎవరూ ఎందుకు అడగలేదో గమనిస్తుంది. కారణం మీరు ప్రతిసారీ చెబితే, కొన్నాళ్ళకి ఆ రెండు కుప్పల్ని తనే వేరుచెయ్యగలుగుతుంది. అందుకని ఈ వారం దుకాణానికి వెళ్ళకముందే ఒక కాగితం తీసుకుని మధ్యలో గీత గియ్యండి. ఎడమ వైపు నేల, మెట్లు, కిటికీ, అలారం, వేడి, గోడకి బిగించే సామాను రాసి, ఒక్కోదానికీ ఎవరు బాధ్యులో, ఎప్పటికి పూర్తవ్వాలో వేయండి. కుడి వైపు ఖాళీగా వదిలి, ఆ కాగితాన్నీ పెన్సిల్నీ బిడ్డకి ఇవ్వండి. ఎడమ వైపున్నవన్నీ పూర్తయ్యేదాకా కుడి వైపుకి డబ్బు ఖర్చు చెయ్యకండి. పూర్తయ్యాక మాత్రం కుడి వైపు బిడ్డ రాసుకున్నదాన్ని దిద్దకండి.